కాళ్లు ఎచ్చగుంటే

పలమనేరు చలి పైనుంచి దిగదు,
కిందనుంచి ఎక్కుతుంది.
ముందు బొటనవేలి గోరు కింద దూరి
మడమ పగుళ్లలో కాసేపు కూర్చుని
పిక్క మీదికొచ్చేసరికి
నీ కాళ్లు నీవి కావు,
మంచె మీద ఎవరో మరిచిపోయిన రెండు కట్టెలు.

మా చెంగప్ప మామ ఇంత పొడుగ్గా చెప్పలేదు.
"పంది ముక్కుతో వస్తాది, చలి కాలితో వస్తాది.
రెండింటికీ చప్పుడుండదు మే" అన్నాడు, అంతే.

ధనుర్మాసం. నాకు పదకొండేళ్లు.
మూడో జ్వరంలో ఉన్న పట్టుపురుగులకు
మా నడిమింట్లో కుంపటి పెట్టి
తలుపేసింది అమ్మ.
పురుగుకున్న కుంపటి పిల్లకు లేదా అని నేనేడిస్తే
మామ నన్ను కావలికి తోడు పిలిచినాడు.

బయల్దేరే ముందు గంటసేపు
నా కాళ్లతోనే ఆయన పని.
తుడిచినాడు. వేళ్ల సందుల్లో మళ్లీ తుడిచినాడు.
"తడికాలు దొంగకాలు,
ఉన్న వేడంతా మూటగట్టుకోని పోతాది."
ఆముదం కాచి అరికాళ్లకు రుద్ది
రాగిగడ్డి నలిపి టైరుచెప్పుల్లో పరిచి
పైన గోనెపట్టా చుట్టినాడు.
యూరియా సంచి వద్దంట, చెమట పట్టిస్తాదంట.
పురికొస నేను బిగించబోతే చెయ్యి మీద కొట్టినాడు:
"వేళ్లు ఆడాల. ఆడని వేలు సచ్చిన వేలు."

ఆయనకు ఎడమకాలికి రెండు వేళ్లు లేవు.
ఎట్ట పోయినాయంటే
ఒకసారి ఉచ్చు అనేవాడు, ఒకసారి ఏనుగు,
కల్లు తాగిన రోజు మాత్రం
"అప్పు కింద జమ కట్టుకున్నారు" అనేవాడు.

కౌండిన్య అడివికి ఆనుకోని గెనుసుగడ్డ చేను,
దొరసామి నాయుడిది.
మంచె మీద మంట లేదు, బీడీ లేదు.
పొగను పంది కోసు దూరంలోనే చదివేస్తాదంట.
మామ ఒళ్లో నాటుతుపాకి,
దాని ఇనుము నాకంటే ఎక్కువ వణుకుతున్నట్టుండింది.

రెండో జాము దాటినాక
గడ్డీ ఓడిపోయింది, గోనే ఓడిపోయింది.
నేనేమీ చెప్పలేదు.
పళ్లు చెప్పేసినాయి.

తుపాకి పక్కన ఆనించినాడు.
పట్టాలిప్పి, చొక్కా పైకెత్తి
నా రెండు అరికాళ్లూ తన కడుపుకు అదుముకున్నాడు.
ఒక్కసారి ఊపిరి బిగబట్టినాడు,
చన్నీళ్ల బావిలోకి దిగినోడి మాదిరి.
తర్వాత మెల్లగా
సంగటి తిన్న ఆ కడుపు
నా కాళ్లను ఎత్తుతా, దించుతా ఉండింది.

అప్పుడే వచ్చినాయి.
ముందొకటి పెద్దది, వెనక ఐదో ఆరో.
తేగలు తెంపిన చప్పుడు,
గడ్డలు కసకస నమిలిన చప్పుడు,
నెలవెలుతుర్లో ఒక ముట్టె మట్టిని దున్నుకుంటా
సరిగ్గా మా కిందికే.
గురి అక్కర్లేనంత దగ్గర.

నేను కాళ్లు లాక్కోబోయినాను.
మడమలు పట్టుకున్నాడు.
చెవిలో గాలికంటే చిన్నగా:
"కదలాకు. ఇప్పుడిప్పుడే ఎచ్చబడతా ఉండాయి."

తెల్లారి చూస్తే సగం చేను లేదు.
"నిద్రపోయినావురా?" అన్నాడు నాయుడు.
"అవున్నా, కన్నంటుకుండె" అన్నాడు మామ.
ఆ నెల కూలి పోయింది.

ఇప్పుడు నేను అదే అడివికి బీటాఫీసర్ని.
నాటుతుపాకి నేరమని, అడివిపంది చట్టంలో ఉందని
సెక్షన్లతో సహా తెలుసు.
మామ బతికుంటే
ఏదో ఒక రాత్రి టార్చి వేసి పట్టుకోవాల్సింది నేనే.
ముందు మొహం చూసేదాన్నో, కాళ్లు చూసేదాన్నో.

డిపార్ట్‌మెంటు బూట్లిచ్చింది, మంచి తోలు.
ఒక సైజు తక్కువ, వేళ్లు ఆడవు.
మార్చమని రెండుసార్లు రాసినాను.

ఏనుగుల కావలికి పోయే రాత్రి
మెట్టు మీద కూర్చుని కాళ్లు తుడుచుకుంటాను.
వేళ్ల సందుల్లో మళ్లీ.